రిమాండ్ ‘విధించారు’ అని రాయకండి

సంపాదకులు గారికి,

నమస్కారం. చిత్తూరులో కోర్టు దగ్గర నాకొక చిన్న జాబ్ టైపింగ్, జిరాక్స్ సెంటర్ ఉంది. బెయిల్ పిటిషన్లు, షూరిటీ అఫిడవిట్లు, వకాలత్‌లు, కాపీ అప్లికేషన్లు... పొద్దున్నుంచి జడ్జి గారు బెంచి దిగేదాకా నా చేతుల మీదుగా పోయేవి ఈ కాగితాలే. జిల్లా పేజీలో క్రైమ్ వార్తలు నేను తప్పకుండా చదువుతాను. ఆ వార్తలో పేరున్నవాళ్ల అమ్మో నాన్నో మధ్యాహ్నానికల్లా నా టేబుల్ ముందుకొస్తారు కాబట్టి.

ఆ వార్తల చివర రోజూ కనబడే ఒక వాక్యం గురించి ఈ ఉత్తరం. ‘నిందితుడికి న్యాయస్థానం 14 రోజుల రిమాండ్ విధించింది. అనంతరం జైలుకు తరలించారు.’ మీ పత్రిక ఒక్కటే ఇలా రాస్తోందని నేను అనడం లేదు. తెలుగు పత్రికలన్నీ ఇలాగే రాస్తున్నాయి, టీవీల్లోనూ ఇదే చదువుతున్నారు.

తెలుగులో ‘విధించడం’ అన్న మాట ఎక్కడెక్కడ వాడతామో చూడండి. శిక్ష విధిస్తారు, జరిమానా విధిస్తారు, పన్ను విధిస్తారు, కర్ఫ్యూ విధిస్తారు. మనిషి నెత్తిన పడేవాటికే ఆ మాట. అందులోనూ కోర్టు విధించిందంటే చదివేవాళ్లకు ఒక్కటే అర్థమవుతుంది, తప్పు తేలింది, శిక్ష పడింది అని. పక్కనే 14 రోజులు అని లెక్క, ఆ వెంటనే జైలు అన్న మాట. శిక్ష అని మీరు రాయకపోయినా చదివిన మనిషి శిక్ష అనే చదువుకుంటాడు.

దీనివల్ల ఎంత నష్టమో కళ్లారా చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను. గంగాధర నెల్లూరు వైపు పల్లె నుంచి ఒకామె వచ్చింది. కొడుకు మీద మోటారు సైకిల్ దొంగతనం కేసు. చేతిలో వైరు బుట్ట, బుట్టలో ఉతికి మడతపెట్టిన చొక్కా, ప్యాంటు, పైన ఒక అరటిపండ్ల చీపు. పేపరు కటింగ్‌ను కొంగులోంచి తీసి నా టేబుల్ మీద పరిచింది. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయి ఉన్నాయి. ‘ఈ పొద్దుతో పద్నాలుగు దినాలూ అయిపోయినాయి మేడమ్. పిల్లోడిని ఏ గేటు కాడ వదుల్తారు?’ అని అడిగింది. మా సెంటర్లో జిరాక్స్‌కు వచ్చిన జూనియర్ లాయరమ్మే ఆమెను కూర్చోబెట్టి, రిమాండ్ మళ్లీ పొడిగించి ఉంటారని చెప్పింది. ‘ఇంకో పద్నాలుగు దినాలు వేసినారా? లోపలున్నోడు మళ్లీ ఏం తప్పు చేసినాడని వేసినారు?’ అంది ఆ తల్లి.

అప్పటిదాకా ఆ అబ్బాయికి బెయిల్ పిటిషన్ పడలేదు. శిక్ష అయిపోతే వాళ్లే వదులుతారనుకుని ఇంటిల్లిపాదీ దినాలు లెక్కపెడుతూ కూర్చున్నారు. ఆమెకు చదువు రాదు. ఎవరో చదివి చెప్పిన ఆ పేపరు ముక్కే ఆమెకు కోర్టు ఆర్డరు. ఆమె ఒక్కతే అయితే నేను ఉత్తరం రాసేదాన్ని కాదు. పద్నాలుగు రోజుల లెక్క పట్టుకుని ఎంతోమంది వస్తుంటారు.

రిమాండ్ శిక్ష కాదు. అరెస్టు చేసినవాళ్లను 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందుకు తీసుకురావాలని రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉంది. దర్యాప్తు అంతలో పూర్తి కాకపోతే మేజిస్ట్రేటు ఆ మనిషిని జ్యుడీషియల్ కస్టడీలో ఉంచమని పంపుతారు. ఒక విడతలో 15 రోజులకు మించి పంపకూడదు కాబట్టి 14 రోజులు అని వాయిదా వేస్తారు. అది వాయిదా తేదీ, విడుదల తేదీ కాదు. ఆ రోజున మళ్లీ హాజరుపరిస్తే మళ్లీ పొడిగించవచ్చు. అలాగని ఎంతకాలమైనా ఉంచడానికి లేదు. నేరాన్నిబట్టి 60 రోజుల్లోనో 90 రోజుల్లోనో పోలీసులు ఛార్జిషీటు వేయకపోతే బెయిల్ పొందే హక్కు నిందితుడికి వస్తుంది. ఈ హక్కు కూడా అడిగినవాళ్లకే దక్కుతుంది. అడగాలని తెలియాలంటే ముందు అది శిక్ష కాదని తెలియాలి కదా!

జైలు అన్న మాట గురించి కూడా రాయాలి, ఎందుకంటే అసలు తిరకాసు అక్కడే ఉంది. పాత తీర్పులు టైపు చేసేటప్పుడు ఆ మాటకు రెండు స్పెల్లింగులు కనబడతాయి. ఒకటి మనకు తెలిసిన జే, ఏ, ఐ, ఎల్. ఇంకొకటి జీ, ఏ, ఓ, ఎల్. కొత్తగా వచ్చిన జూనియర్లు రెండోదాన్ని చూసి గోల్ అని చదువుతారు. రెండింటినీ జైల్ అనే పలకాలి. ఇంగ్లండును నార్మన్లు ఏలినప్పుడు వాళ్ల ఫ్రెంచి యాస ప్రకారం వచ్చింది జీతో మొదలయ్యే రూపం. పారిస్ వైపు ఫ్రెంచి నుంచి వచ్చింది జేతో మొదలయ్యేది. జనం నోట్లో పారిస్ ఉచ్చారణ నిలిచింది, సర్కారు కాగితాల్లో నార్మన్ స్పెల్లింగు వందల ఏళ్లు సాగింది. బ్రిటిష్ కాలపు దస్త్రాల్లో అది అలాగే మన దేశానికీ వచ్చింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు మన ఊరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం. ఆ రోజుల్లో ఇక్కడి కచేరీల్లో నడిచిన ఇంగ్లిషు అదే.

రెండు రూపాలకూ మూలం లాటిన్‌లో ‘కావెయా’, అంటే బోను, పంజరం. చిన్న బోను అనే అర్థంలో దాని నుంచి పుట్టిన మాటే మారుతూ మారుతూ జైలు అయింది. ఇంగ్లిషులో పంజరాన్ని కేజ్ అంటాం కదా, అదీ ఆ మూలం నుంచి వచ్చిందే. పోర్చుగీసువాళ్లు పిట్టల పంజరాన్ని ఈనాటికీ ‘గయోలా’ అంటారు. మనవాళ్లు ఆ ఇంగ్లిషు మాటకు చివర ఉకారం చేర్చి రైలు, మైలులాగా జైలు అనేసుకున్నారు. ఇప్పుడు అది పక్కా తెలుగు మాట. చదువుకోని అవ్వ కూడా వాడుతుంది.

మాట పుట్టుక కంటే దాని వాడకమే నాకు ముఖ్యమనిపించింది. ఇంగ్లండులో రెండో హెన్రీ రాజు 1166లో, ఏ కౌంటీలో జైలు లేకపోతే అక్కడ కట్టించాలని ఆజ్ఞ ఇచ్చాడు. ఎందుకంటే నేరారోపణ వచ్చినవాళ్లను విచారణ దాకా ఎక్కడో ఒకచోట ఉంచాలి గనుక. ఆ కాలంలో నేరం రుజువైతే ఉరి తీసేవాళ్లు, కొరడాలతో కొట్టేవాళ్లు, జరిమానా వేసేవాళ్లు. ఇన్నేళ్లు జైల్లో ఉండు అనేది పెద్ద నేరాలకు మామూలు శిక్షగా స్థిరపడింది చాలా తర్వాత, పద్దెనిమిదో శతాబ్దం చివర, పంతొమ్మిదో శతాబ్దంలో. అప్పులు కట్టలేనివాళ్లను వదిలేస్తే, జైల్లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది తీర్పు కోసం ఎదురుచూసేవాళ్లే. జిల్లాలు తిరిగే జడ్జీలకు రాజు ‘జైలు డెలివరీ’ అనే పేరుతో అధికార పత్రం ఇచ్చి పంపేవాడు. వాళ్లు వచ్చి లోపలున్నవాళ్ల కేసులన్నీ విచారించి, ఎవరిని ఏం చేయాలో తేల్చి జైలు ఖాళీ చేయాలి. అంటే జైలు అన్నది మొదట తీర్పు కోసం వేచి ఉండే చోటు. ఆ మాట వినగానే తీర్పు వచ్చేసిందని మనం అనుకోవడం తర్వాత వచ్చిన అలవాటు.

అమెరికాలో ఈ తేడా ఇప్పటికీ ఉంది. విచారణలో ఉన్నవాళ్లను, ఏడాదిలోపు చిన్న శిక్షలు పడ్డవాళ్లను ఉంచేది జైలు. దాన్ని సాధారణంగా కౌంటీవాళ్లు నడుపుతారు. పెద్ద శిక్షలు పడ్డవాళ్లను పంపేది ప్రిజన్. మనకు అలా లేదు. మన 1894 ప్రిజన్స్ యాక్ట్ మూడో సెక్షన్‌లో ప్రిజన్ అంటే ఏదైనా జైలు అని నిర్వచనం మొదలవుతుంది. మాటలు రెండూ కలిసిపోయినా, మనుషులను మాత్రం కలపవద్దని అదే చట్టం చెప్పింది. నేరం రుజువు కానివాళ్లను శిక్ష పడ్డవాళ్ల నుంచి వేరుగా ఉంచాలని 27వ సెక్షన్. రుజువు కానివాళ్లు నిబంధనలకు లోబడి బయటి నుంచి తిండి, బట్టలు, పరుపు తెప్పించుకోవచ్చని 31వ సెక్షన్. వైరు బుట్టలో చొక్కా పెట్టుకుని వచ్చిన ఆ తల్లికి ఆ చొక్కా కొడుక్కి పంపే హక్కు చట్టంలోనే ఉంది. తెల్లదొరలు తమ అవసరానికి చేసిన చట్టం పాటించిన ఈ తేడాను మన సొంత భాషలో రాసే మన పత్రికలు ఎందుకు పాటించకూడదు?

దేశం లెక్క చూస్తే గుండె బరువెక్కుతుంది. జాతీయ నేర రికార్డుల బ్యూరో 2022 లెక్కల ప్రకారం మన జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నూటికి దాదాపు 76 మంది. అంటే జైల్లో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురి మీద ఇంకా ఏ నేరమూ రుజువు కాలేదు. జైలుకెళ్లాడు అని రాస్తే ఆ వాక్యం ఎక్కువగా తగిలేది ఈ ముగ్గురికే.

మన దగ్గర తిరుపతి, శ్రీకాళహస్తి, పీలేరులాంటి ఊళ్లలో సబ్ జైళ్లున్నాయి. ఈ సబ్ జైళ్లలో ప్రధానంగా రిమాండువాళ్లే ఉంటారు. పెద్ద శిక్షలు పడ్డవాళ్లు కడప, నెల్లూరు సెంట్రల్ జైళ్లకు పోతారు. ఊళ్లో మాత్రం సబ్ జైలుకు పోయొచ్చినా ‘జైలుకు పోయొచ్చినోడు’ అనే ముద్రే. సంబంధం చూసేవాళ్లు ఏ జైలు, ఏ కేసు, ఎందుకు అని అడగరు.

ఇక హెడ్డింగుల్లో వాడే సరదా మాటలు. ‘శ్రీకృష్ణ జన్మస్థానానికి’, ‘అత్తారింటికి’, ‘ఊచలు లెక్కిస్తున్న’, ‘చిప్పకూడు’. తెలుగులో ఈ విషయానికి మాటల కరువు లేదు. చెర, చెరసాల, కారాగారం, ఖైదు, బందిఖానా, అన్నీ ఉన్నాయి. గోల్కొండ కోటలో రామదాసును ఉంచిన చోటును బందిఖానా అనే చూపిస్తారు. అయినా అరెస్టయిన మర్నాడే ఒక మనిషిని జన్మస్థానానికి పంపామని హెడ్డింగు పెట్టడం నాకు బాధగా ఉంటుంది. దేవకీ వసుదేవులు ఏం నేరం చేశారని చెరలో ఉన్నారు? వాళ్ల మీద విచారణ కూడా లేదు. కంసుడికి భయం వేసింది, చెరలో వేయించాడు. ఆ కథ తెలిసిన జాతి ఆ మాటను దొంగల హెడ్డింగుకు వాడకూడదు. ‘ఘరానా దొంగ’, ‘కేటుగాడు’ అన్నవీ అంతే. ఆ మాటలు తీర్పు వచ్చాక వాడండి, ఎవరూ కాదనరు.

బెయిల్ వచ్చాక కూడా కొందరు లోపలే ఉండిపోతారని మీ పాఠకుల్లో చాలామందికి తెలియదనుకుంటాను. మా సెంటర్లో షూరిటీ కాగితాలు టైపు చేస్తాం. ఇద్దరు జామీనుదారులు రావాలి. ఇంటి పన్ను రసీదో పట్టాదారు పాసుపుస్తకమో తేవాలి, ఆధార్ కాపీలు, ఫోటోలు ఉండాలి. శేషాచలం అడవుల్లో ఎర్రచందనం కేసుల్లో పట్టుబడేవాళ్లలో తిరువణ్ణామలై, వేలూరు వైపు కొండల నుంచి వచ్చిన తమిళ కూలీలు ఎక్కువ. వాళ్లకు ఇక్కడ పాసుపుస్తకం పట్టుకుని వచ్చి నిలబడేదెవరు? భార్యలు వస్తారు, తెలుగు రాదు, ఏ కాగితం ఏమిటో తెలియదు. అడవి నరికిన తప్పును నేను వెనకేసుకు రావడం లేదు. చేసినవాళ్లకు కోర్టు శిక్ష వేయాల్సిందే. కానీ బెయిల్ ఇచ్చింది కూడా ఆ కోర్టే.

1978లో మోతీరాం అనే తాపీ పనివాడి కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. బెయిల్‌కు 10,000 రూపాయల జామీను అడిగారు. తన సోదరుడి పూచీ ఇస్తానంటే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేటు ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్ అతన్ని 1,000 రూపాయల సొంత బాండు మీద వదిలేయమన్నారు. ఒక మలయాళీయో కన్నడిగుడో తమిళుడో తెలుగువాడో బస్తర్‌లోనో పోర్ట్ బ్లెయిర్‌లోనో పహల్గాంలోనో చాందినీ చౌక్‌లోనో అరెస్టయితే ఏం చేయాలి, అక్కడ వాళ్లకు ఆస్తులెక్కడుంటాయి అని ఆ తీర్పులో అడిగారు. అంతకు ముందు ఏడాదే, మూల సూత్రం బెయిల్ తప్ప జైలు కాదని చెప్పిందీ ఆయనే. తెలుగువాడి పేరు చెప్పి సుప్రీంకోర్టు అడిగిన ఆ ప్రశ్నను తమిళ కూలీ భార్య ముఖంలో నేను ఇక్కడ చూస్తుంటాను.

ఇంగ్లండులోనూ ఒకప్పుడు ఇదే. 1773లో జాన్ హోవార్డ్ అనే ఆయన బెడ్‌ఫర్డ్‌షైర్‌కు షెరీఫ్ అయ్యాడు. జైలు చూడబోతే, నిర్దోషులని తేలినవాళ్లు కూడా లోపలే ఉన్నారు. జైలరుకు జీతం లేదు, ఖైదీల నుంచి ఫీజులు వసూలు చేసుకుని బతకాలి, ఆ ఫీజు కట్టేదాకా వదలడు. ఆయన పోరితే మర్నాటి ఏడాది, 1774లో పార్లమెంటు ఆ ఫీజులను మానిపించింది. మన దగ్గరా కొంత కదలిక ఉంది. బెయిల్ సొమ్ము కట్టలేని పేద ఖైదీల కోసం 2023లో కేంద్రం ఒక పథకం పెట్టింది. బెయిల్ ఇచ్చిన ఏడు రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంట్ న్యాయ సేవాధికార సంస్థకు తెలియజేయాలని అదే ఏడాది జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర విచారణ చట్టం (బీఎన్ఎస్ఎస్)లో 479వ సెక్షన్ ఉంది. అంతకు ముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాళ్లు, ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణలోనే గడిపేస్తే బాండు మీద విడుదల చేయాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. వేరే కేసులు కూడా నడుస్తున్నవాళ్లకూ వర్తించదు. ఇవి జిల్లా పేజీలో వచ్చి ఉంటే, నా టేబుల్ ముందుకు వచ్చేవాళ్లలో ఒక్కరైనా వీటి సంగతి అడిగేవాళ్లు.

ఇంకొక మాట. మొదట చెప్పిన ఆ అబ్బాయి కేసు తర్వాత కొట్టేశారు. తీర్పు కాపీకి అప్లికేషన్ నేనే టైపు చేశాను. అరెస్టయిన రోజు ముసుగేసి నిలబెట్టిన ఫోటో, ఊరి పేరు, తండ్రి పేరుతో సహా వార్త వచ్చింది. కేసు కొట్టేసినట్టు నేను చదివే ఏ పేపర్లోనూ ఒక్క ముక్క రాలేదు. ముసుగు వేసి ఏం లాభం, తండ్రి పేరు ఊరి పేరు వేశాక? వాళ్ల నాన్న ఆ తీర్పు కాపీని పది జిరాక్సులు తీయించుకున్నాడు. ‘ఇన్ని ఎందుకన్నా?’ అంటే, ‘అడిగినోళ్లకు చూపించాల గదమ్మా’ అన్నాడు. ఆ పది కాపీలు పంచాల్సిన పని మీ పత్రికది. పేపరుకు ఉన్నంత చేరువ ఆ తండ్రికి లేదు.

కాబట్టి నేను కోరేది ఇది. ‘రిమాండ్ విధించారు’ బదులు ‘తదుపరి వాయిదా దాకా రిమాండ్‌కు పంపారు’ అనో, ‘ఫలానా తేదీ దాకా జ్యుడీషియల్ కస్టడీకి పంపారు’ అనో రాయండి. ఖైదు, కారాగార శిక్ష, జైలు శిక్ష అన్న మాటలను తీర్పు వచ్చాకే వాడండి. అరెస్టు వార్త వేసిన కేసు కొట్టేస్తే, అదే పేజీలో అంతే జాగాలో ఆ వార్తా వేయండి. కోర్టుకు రోజూ వచ్చే మీ విలేకరికి ఆ సమాచారం దొరకడం కష్టం కాదు. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోయినా ఫరవాలేదు. కస్టడీలో ఉన్న ఎవరికైనా ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం చెబుతోంది. ఆదాయం ఎంతని అడగరు. సాయం అడగడానికి ఫోన్ నంబరు 15100. క్రైమ్ వార్తల పేజీ అడుగున రోజూ ఒక చిన్న బాక్సులో ఈ నంబరు వేయండి. ఖర్చు రెండు లైన్ల జాగా.

ఇట్లు,
ఒక జాబ్ టైపిస్టు,
చిత్తూరు.